శబ్దం పుట్టే చోటు
కావ్యకంఠ వాసిష్ఠ గణపతి ముని జీవితం

తెల్లవారుజామున దీపం వెలిగించి, జపమాల చేతబట్టి కూర్చున్నవేళ మంత్రాన్ని ఎన్నిసార్లు పలికారో మీకు లెక్క ఉంటుంది. నూట ఎనిమిది అయిందనో, వెయ్యి ఎనిమిది పూర్తయిందనో చెప్పగలరు. కానీ ఆ మంత్రం మీలో ఎక్కడ పుట్టిందో ఎప్పుడైనా గమనించారా? పెదవుల మీదనా, కంఠంలోనా, అంతకన్నా లోపలా? ఈ ప్రశ్న వేసుకోవాలని తెలియకనే ఒక తెలుగు పండితుడు పదకొండేళ్లు పుణ్యక్షేత్రాలు తిరిగారు. పంచాక్షరిని కోట్లలో జపించారు. వాక్కు ఆయనకు దాసి. అడిగిన ఛందస్సులో అడిగిన క్షణంలో శ్లోకం చెప్పగలిగిన ఆ మహామేధావికి, తపస్సు అనే మూడక్షరాల మాటకు అర్థం మాత్రం అందలేదు. ఆయనే కావ్యకంఠ వాసిష్ఠ గణపతి ముని. శిష్యులకు, అరుణాచలవాసులకు ఆయన కేవలం నాయన.

ఇంటిపేరు అయ్యలసోమయాజుల. పెట్టిన పేరు సూర్యగణపతి శాస్త్రి. 1878 నవంబరు 17న బొబ్బిలికి సమీపంలోని కలువరాయి గ్రామంలో జన్మించారు. తండ్రి నరసింహశాస్త్రి శ్రీవిద్యోపాసకులు, తల్లి నరసమాంబ సూర్యారాధకురాలు. తల్లి అరసవల్లి సూర్యనారాయణస్వామి సన్నిధిలో నిద్రించిన రాత్రి అగ్నితో నిండిన బంగారు కలశం కలలో కనిపించిందని, అటు కాశీలో డుంఠి గణపతి ఆలయంలో జపం చేసుకుంటున్న తండ్రికి విగ్రహం నుంచి ఒక శిశువు తనవైపు పాకి వచ్చినట్లు దర్శనమయిందని ఆ కుటుంబంలో చెప్పుకునేవారు. బిడ్డ పేరులో సూర్యుడూ గణపతీ ఇద్దరూ చేరడానికి కారణం అదే.

ఇంతటి శకునాలతో పుట్టిన బిడ్డకు ఐదారేళ్లు వచ్చినా మాట రాలేదు. పైగా రోగాలు. పండితుల ఇంట మూగబిడ్డ అంటే ఆ తల్లిదండ్రుల వేదన ఎలా ఉండి ఉంటుందో మీరు ఊహించగలరు. చివరికి నాటువైద్యంగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టించారు. ఆ తరువాతే పిల్లవానికి నోరు తెరుచుకుందని జీవితచరిత్రకారులు రాశారు. వాతల వల్ల మాట వచ్చిందా, రావలసిన వేళకే వచ్చిందా అన్నది పక్కన పెడదాం. అటుపై ఆ నోరు ఆగలేదు. పదేళ్లు నిండేసరికి సంస్కృతంలో శ్లోకాలు అల్లసాగారు, పంచాంగ గణితం పట్టుబడింది, కావ్యాలు కంఠస్థమయ్యాయి. మౌనంలో మొదలైన జీవితం మాటల్లోకి దూకింది. మళ్లీ ఏ మౌనం దగ్గరకు చేరిందో ముందు చూస్తారు.

దత్తుడూ, ఔరసుడూ

విశాలాక్షమ్మతో వివాహమైంది. గృహస్థాశ్రమం ఆయనను ఇంట కట్టిపడేయలేదు. పద్దెనిమిదో ఏట మొదలుకొని తపస్సుకని బయలుదేరడం, తిరిగి రావడం, మళ్లీ బయలుదేరడం. కాశీ, నాసిక్, భువనేశ్వరం. వెళ్లినచోటల్లా జపం, జపం చేసినచోటల్లా నిరీక్షణ. ప్రాచీన ఋషులకు మంత్రాలు పలికాయి కదా, తనకెందుకు పలకవన్నది ఆయన పట్టుదల. మంత్రశక్తితో ఈ దేశాన్ని మళ్లీ లేవనెత్తాలన్న కాంక్ష కూడా ఆ వయసులోనే నాటుకుంది. ఆ రెండో కోరిక చివరిదాకా ఆయనను వదలలేదు.

1900లో కాశీ నుంచి వంగదేశంలోని నవద్వీపానికి వెళ్లారు. న్యాయశాస్త్రానికి, సంస్కృత పాండిత్యానికి అది ఆనాడు ఉత్తరభారతంలో పెద్ద పీఠం. అక్కడి విద్వత్సభలో ఇరవై రెండేళ్లయినా నిండని ఈ దక్షిణాది యువకుడిని పరీక్షించడానికి ముందుకు వచ్చినవారు అంబికాదత్త వ్యాసులు. శివాజీ కథను సంస్కృత నవలగా శివరాజవిజయం పేరిట రచించిన మహాకవి ఆయన. వ్యాసులు తన పేరును, ఆశుకవిత్వ ప్రతిభను చెప్పుకొని ఎదుటివారిని పరిచయం అడిగారు. గణపతిశాస్త్రి ఆ పేరులోనే జవాబు వెదికారు. అంబికాదత్తుడంటే అంబిక ఇచ్చినవాడు. అయితే సంస్కృతంలో దత్తుడనే మాటకు పెంపునకు వచ్చిన కొడుకనే అర్థం కూడా ఉంది. గణపతి అయితే అంబికకు సొంత కుమారుడు, ఔరసుడు. దత్తునికీ ఔరసునికీ ఉన్న భేదాన్ని చమత్కరిస్తూ శ్లోకంలో ప్రత్యుత్తరమిచ్చేసరికి సభ నవ్వులతో నిండిందంటారు. నవ్వినవారిలో వ్యాసులవారూ ఉన్నారు. సమస్యలిచ్చి పూరింపజేశారు, తప్పులు వెదికారు, వాదించారు, చివరికి ఆలింగనం చేసుకున్నారు. ఆ సభే ఆయనకు కావ్యకంఠ బిరుదునిచ్చింది. కంఠంలోనే కావ్యం ఉన్నవాడని అర్థం.

ఒకప్పుడు మాట పలకని గొంతుకు దక్కిన బిరుదది. ఎవరైనా అక్కడితో తృప్తిపడేవారు. కానీ ఒక సంగతి గమనించండి. కావ్యం కంఠంలో ఉంది, నిజమే. మంత్రం ఉండవలసిన చోటు కంఠం కాదు.

గుహలో దాగిన మూడు పాదాలు

ఋగ్వేదం ప్రథమ మండలంలో 164వ సూక్తం ఉంది. అందులో ఒక మంత్రం వాక్కును నాలుగు పాదాలుగా విభజిస్తుంది. అందులో మూడు గుహలో దాగి ఉన్నాయని, మనుషులు పలికేది నాలుగోది మాత్రమేనని దాని భావం. తరువాతి శాస్త్రకారులు ఆ నాలుగింటికీ పేర్లు పెట్టారు. బయటికి వినిపించేది వైఖరి. మనసులో మాటగా కూర్చబడి ఉన్నది మధ్యమ. మాటగా విడివడక ముందు ఒక్క చూపులో అర్థమంతా మెరిసే దశ పశ్యంతి. దానికీ ఆవల కదలిక లేనిది పర. మనం మూడు గదులు తాళం వేసి వాకిట్లో కాపురం ఉంటున్నామన్నమాట. మంత్రం అనే పదాన్నే చూడండి. మననం చేసేవానిని కాపాడేది మంత్రమని పెద్దల నిర్వచనం. పెదవుల కదలిక ఆ నిర్వచనంలో లేదు. మననం ఉంది.

గణపతిశాస్త్రికి ఇదంతా తెలియదా? తెలుసు. మీకూ నాకూ బోధించగలిగినంతగా తెలుసు. తెలిసినది అనుభవంలోకి దిగకపోవడమే ఆయన బాధ. పండితులకు వచ్చే కష్టాలలో ఇంతకంటె కఠినమైనది లేదనుకుంటాను.

1903లో తిరువణ్ణామలై చేరారు. అరుణాచలేశ్వరుని సన్నిధిలో శివునిపై వేయి శ్లోకాలతో హరసహస్రం రచించి వినిపించారు. కొండమీద మౌనంగా ఉండే బ్రాహ్మణస్వామిని ఆ రోజుల్లోనే ఒకమారు చూశారు. చూసి వచ్చేశారు, అంతే. తరువాత వేలూరులో ఉపాధ్యాయుడిగా కుదిరారు. చుట్టూ విద్యార్థులు చేరారు, మంత్రజపంతో దేశసేవ అనే ఉత్సాహం పెరిగింది. 1907లో ఆ ఉద్యోగం వదిలి మళ్లీ అరుణాచలం వచ్చారు. కార్తిక దీపోత్సవాల రోజులవి. ఊరంతా జనం, రథాలు, వాద్యాలు. ఆయన లోపల మాత్రం శూన్యం. ఇన్ని కోట్ల జపం ఏమైందన్న ప్రశ్న నిలవనీయలేదు.

1907 నవంబరు 18. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆయన విరూపాక్ష గుహకు ఎక్కారు. బ్రాహ్మణస్వామి అరుగు మీద ఒంటరిగా కూర్చుని ఉన్నారు. గణపతిశాస్త్రి సాష్టాంగపడి, రెండు చేతులతో రెండు పాదాలు పట్టుకున్నారు. చదవవలసినదంతా చదివానని, వేదాంతశాస్త్రం తెలుసుకున్నానని, తనివితీరా జపం చేశానని, అయినా తపస్సంటే ఏమిటో నేటికీ తెలియలేదని కంపించే గొంతుతో విన్నవించుకున్నారు. పాదాలు పట్టినవారికి అప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. పట్టించుకున్నవారు ఆయనకంటె ఏడాది చిన్న. ఒకరు కావ్యకంఠుడు, మరొకరు శాస్త్రం పాఠశాలలో చదవని యువకుడు. ఈ వ్యత్యాసాన్ని మనసులో ఉంచుకుంటేనే ఆ నమస్కారం బరువు మీకు తెలుస్తుంది.

స్వామి పావుగంటసేపు చూస్తూ ఉండిపోయారు. ఆనాటికి ఆయన మాట్లాడటం బహు అరుదు. తరువాత తమిళంలో మెల్లగా రెండు విషయాలు చెప్పారు. నేను అనే స్ఫురణ ఎక్కడి నుంచి బయలుదేరుతోందో పరిశీలిస్తే మనసు అక్కడ లీనమవుతుంది, అదే తపస్సు. మంత్రాన్ని జపిస్తూ ఆ మంత్రశబ్దం ఎక్కడి నుంచి పుడుతోందో పరిశీలించినా మనసు అక్కడే లీనమవుతుంది, అదీ తపస్సే. అంతే ఉపదేశం.

కొత్త మంత్రం ఇవ్వలేదు. పాత మంత్రం వదలమనలేదు. చూపు తిప్పమన్నారు. తప్ అనే ధాతువుకు కాలడం, కాచడం, ప్రకాశించడం అని అర్థాలు. అంతవరకు గణపతిశాస్త్రి కాలడమే తపస్సనుకున్నారు. ఉపవాసాలు, మండుటెండలు, లెక్కలేని ఆవృత్తులు. వెలుగు ఎక్కడ ఉందో వెనుదిరిగి చూడటం కూడా ఆ ధాతువులోనే ఉందని గుహ వాకిట తెలిసింది. మూడు పాదాలు గుహలో దాగి ఉన్నాయన్న వేదవాక్కు ఆయనకు ఆ కొండగుహ దగ్గర గుర్తుకు వచ్చిందో లేదో ఎవరూ రాయలేదు. నాకు మాత్రం ఆ ఘట్టం చదివిన ప్రతిసారీ అదే గుర్తుకు వస్తుంది.

సాయంకాలం దాకా అక్కడే ఉండిపోయారు. పరిచారకుడు పళనిస్వామిని అడిగి స్వామి పూర్వనామం వేంకటరామన్ అని తెలుసుకున్నారు. తమిళనాట అది వేంకటరామన్. మన తెలుగు ఇళ్లలో వేంకటరమణ. ఆ పేరులోంచి తెలుగు చెవి రమణ అన్న మూడక్షరాలను తీసుకుంది. రమ్ ధాతువుకు ఆనందించడం, క్రీడించడం అని అర్థం. తనలో తాను ఆనందించేవాడు రమణుడు. అక్కడికక్కడే ఐదు శ్లోకాలు చెప్పి, ఆ మహనీయుని భగవాన్ రమణ మహర్షి అని పిలవాలని శిష్యులకు, బంధువులకు ఉత్తరం రాశారు. ఋషి అంటే చూసినవాడని యాస్కుడు నిరుక్తంలో విడమరిచాడు. మంత్రాన్ని రచించినవాడు కాదు, దర్శించినవాడు. ఈ యువకునికి మహర్షి అనే పదాన్ని గణపతిశాస్త్రి తూచి వాడారు. ఈనాడు ప్రపంచమంతా పిలుచుకుంటున్న పేరు బొబ్బిలి సీమ బిడ్డ పెట్టినది.

ఉమాసహస్రం

తనకు అలాంటి గురువును ప్రసాదించిన జగన్మాతకు కృతజ్ఞతగా వేయి శ్లోకాలు ఇరవై రోజుల్లో సమర్పిస్తానని సంకల్పం చెప్పుకున్నారు. నలభై స్తబకాలు, ఒక్కో స్తబకానికి ఇరవై అయిదు శ్లోకాలు. కొండమీది మామిడి గుహలో రచన మొదలైంది. మధ్యలో కుడిచేతి బొటనవేలికి పుండు లేచి కలం పట్టడానికి వీలు లేకపోయింది. గడువు చివరి రాత్రి వచ్చేసరికి ఇంకా వందల శ్లోకాలు మిగిలే ఉన్నాయి. ఐదుగురు లేఖకులను కూర్చోబెట్టి ఒక్కొక్కరికి వేర్వేరుగా శ్లోకాలు చెప్పుకుపోయారు. మహర్షి పక్కనే కళ్లు మూసుకుని నిశ్చలంగా కూర్చున్నారు. ప్రవాహం ఆగలేదు, తడబడలేదు. అంతా ముగిశాక మహర్షి కళ్లు తెరిచి, తాను చెప్పినదంతా రాసుకోవడం అయిందా అని అడిగారు. నాయన నమస్కరించి, ఆయన ప్రసాదించినదంతా రాసుకున్నామని బదులిచ్చారు. ఆ కృతిని తరువాత నాయన పలుమార్లు సంస్కరించినా, ఆ చివరి రాత్రి వచ్చిన భాగంలో మాత్రం చేయి పెట్టలేదంటారు.

ఉమ అనే పేరు ఎంత చిన్నదో చూడండి. కేనోపనిషత్తులో ఇంద్రుడికి బ్రహ్మమంటే ఏమిటో చెప్పడానికి ప్రత్యక్షమైన తల్లి పేరది. అగ్నికీ వాయువుకూ తెలియనిది, వెదకి అలసిన ఇంద్రుడికి ఆమె చెప్పింది. నాయన ఇష్టదేవతగా ఆ తల్లినే ఎంచుకోవడం నాకు యాదృచ్ఛికం అనిపించదు. ఇంద్రశక్తిపై ఏడువందల శ్లోకాలతో ఇంద్రాణీ సప్తశతి రచించినదీ ఆయనే.

గురువు దొరికాడు కదా, ఇక కథ సుఖాంతమేనని మీరు అనుకోవచ్చు. కాదు. ఉపదేశం పొందిన కొంతకాలానికే నాయన మహర్షిని మళ్లీ అడిగారు. నేను అనే స్ఫురణ మూలంలో నిలవడం ఒక్కటే తన ఆశయాలన్నింటికీ చాలునా, లేక మంత్రధ్యానం కూడా కావాలా అని. మొదటిదే చాలునన్నారు మహర్షి. నాయన తన ఆశయాలను, దేశం గురించిన తపనను మళ్లీ వివరించారు. బరువంతా ఈశ్వరునిపై వేసి నిశ్చింతగా ఉండమని, మోసేది ఆయనేనని మహర్షి చెప్పారు. నాయన విన్నారు, నమ్మారు. అయినా ఆ మూట పూర్తిగా దించలేకపోయారని ఆయన తరువాతి జీవితం చెబుతుంది. తపస్సుకు మళ్లీ మళ్లీ బయలుదేరారు. 1908లో మద్రాసు దగ్గరి తిరువొత్తియూరులో వినాయకుని గుడిలో తపస్సు చేస్తున్నప్పుడు మహర్షి వచ్చి తన శిరస్సుపై చేయి ఉంచినట్లు అనుభవమైంది. మహర్షి అరుణాచలం విడిచి వెళ్లనేలేదు. ఈ దించలేనితనాన్ని కొందరు ఆయన లోపంగా చెబుతారు. నేను అలా అనలేను. తనకొక్కడికి మోక్షం వస్తే చాలునని సరిపెట్టుకోలేని హృదయమది.

హృదయం అన్నాం కనుక రమణగీతను తలచుకోవాలి. నాయన, ఇతర భక్తులు అడిగిన ప్రశ్నలకు మహర్షి ఇచ్చిన సమాధానాలను ఆయన 18 అధ్యాయాలుగా, మూడు వందల శ్లోకాలలో సంస్కృతీకరించారు. 1917లో ఆ గ్రంథం రూపొందింది. అందులో హృదయమనే పదాన్ని విడదీసి చెప్పిన తీరు మీరు తప్పక చదవాలి. హృత్, అయం. ఇది హృదయం, ఇదిగో ఇతడిక్కడ. ఛాందోగ్యోపనిషత్తు చెప్పిన నిర్వచనమే అది. గుండెకాయ పేరు కాదు, చూపుడువేలు. అహం అనే మాటా అంతే. అక్షరమాలకు మొదటిదైన అకారం, చివరిదైన హకారం, వాటిని కలిపి ముగించే బిందువు. భాష అంతా ఆ రెండక్షరాల మధ్యే ఉంది. నేను ఎక్కడ పుడుతున్నానో వెదకడమూ, మంత్రశబ్దం ఎక్కడ పుడుతోందో వెదకడమూ ఒకే చోటికి చేరుస్తాయని మహర్షి చెప్పడంలోని ఔచిత్యం ఇక్కడ తెలుస్తుంది.

ఆ గ్రంథంలో పదమూడో అధ్యాయం విశాలాక్షమ్మ అడిగిన ప్రశ్న. భర్త చేతనే మంత్రదీక్ష పొంది ఉపాసన సాగించిన ఇల్లాలు ఆమె. సాధనకు ఇల్లు అడ్డమైతే స్త్రీ సన్న్యసించవచ్చునా, స్త్రీ జీవన్ముక్తురాలైతే దేహానికి దహనమా సమాధియా అని నాయన ద్వారా అడిగించారు. స్త్రీకి నిషేధమేదీ లేదని, ముక్తురాలి దేహం సమాధికి అర్హమని మహర్షి సెలవిచ్చారు. 1922 మే 19న మహర్షి తల్లి అళగమ్మ దేహం చాలించినప్పుడు నాయన అక్కడే ఉన్నారు. ఏం చేయాలన్న సందేహం కలిగినప్పుడు ఆ పాత సమాధానాన్ని గుర్తుచేసినవారు ఆయనే. తల్లికి సమాధి కట్టారు. ఆ సమాధి చుట్టూనే శ్రీరమణాశ్రమం వెలసింది. మన ఇంటి ఆడవారు మంత్రం చెప్పవచ్చునా అని ఈనాటికీ ఉత్తరాలు రాసేవారున్నారు. వారు ఆ అధ్యాయం తెరిచి చూసుకోవచ్చు.

అదే 1922లో మామిడి గుహలో నాయనకు కపాలభేదమనే యోగానుభవం కలిగిందని శిష్యులు రాశారు. దానిని వర్ణించే యోగ్యత నాకు లేదు.

పలికినవీ, పలికించినవీ

అంతకు ముందు 1917లో వేలూరు దగ్గరి పడైవీడు రేణుకాలయంలో మరొక విచిత్రం జరిగింది. నాయన శిష్యుడు, గోకర్ణవాసి దైవరాత సమాధిస్థితిలో ఉండగా వైదిక ఛందస్సులో మంత్రాలు పలికాడు. గురువు పక్కన కూర్చుని వాటిని రాసుకున్నారు. తరువాత శిష్యుని మంత్రాలకు గురువే భాష్యం రాశారు. ఛందోదర్శనం అనే పేరుతో అది 1968లో భారతీయ విద్యాభవన్ ప్రచురణగా వెలువడింది. చిన్ననాటినుంచి తనకు పలకాలని కోరుకున్నది శిష్యునికి పలికితే, అసూయ లేశం లేకుండా లేఖకుడై కూర్చున్నారు చూశారా. నా దృష్టిలో నవద్వీప సభకంటె ఇది పెద్ద విజయం.

మరో శిష్యులు కపాలిశాస్త్రి. ఉమాసహస్రానికి వ్యాఖ్యానం రచించినవారు, తరువాత అరవిందుల మార్గంలో ఋగ్వేదానికి సిద్ధాంజనమనే భాష్యం రాసినవారు. మహర్షి తమిళంలో రచించిన ఉళ్లదు నార్పదును నాయన సద్దర్శనంగా సంస్కృతంలోకి తెచ్చారు. దానికీ కపాలిశాస్త్రిదే భాష్యం. మహర్షి ఉపదేశసారానికి నాయన స్వయంగా వ్యాఖ్య కూర్చారు.

పండితుడంటే లోకానికి దూరంగా ఉంటాడనుకుంటే పొరపాటు. 1924లో గాంధీజీ అధ్యక్షతన జరిగిన బెల్గాం కాంగ్రెస్ మహాసభకు నాయన వెళ్లారు. అంటరానితనానికి శాస్త్రాధారం లేదని శాస్త్రాలు చేతబట్టుకునే వాదించారు. సంస్కృతం తెలియనివారు ఆ మాట అంటే కొట్టిపారేసేవారు, ఈయనను కాదనడం కష్టమైంది. మాటకు మూలార్థం తెలిసినవాడు మాట చాటున జరిగే అన్యాయాన్ని కూడా చూడగలడు.

1926లో విశాలాక్షమ్మ కన్నుమూశారు. అప్పటినుంచి నాయన ఒకచోట నిలవలేదు. 1928లో పుదుచ్చేరి వెళ్లి అరవిందులను దర్శించారు. గోకర్ణం, శిరసి ప్రాంతాలలో కొన్నేళ్లు తపస్సులో గడిపారు. శిరసి నుంచి మహర్షికి రాసిన లేఖలలో గురువుకు దూరంగా ఉన్న శిష్యుని ఆర్తి కనిపిస్తుంది. చివరికి వంగదేశంలో ఖరగ్‌పూర్ సమీపంలోని నింపురా చేరారు. కావ్యకంఠ బిరుదు దక్కినదీ ఆ దేశంలోనే. 1936 జూలై 25న అక్కడే దేహం విడిచారు.

వార్త అరుణాచలం చేరింది. ఎవరి మరణానికీ చలించరని పేరున్న మహర్షి గొంతు గద్గదమైంది. అటువంటివాడు మనకు మళ్లీ ఎక్కడ దొరుకుతాడన్న భావం మాత్రం కష్టంగా వెలువడింది.

నాయన గురువును స్తుతిస్తూ చెప్పిన నలభై శ్లోకాలు రమణ చత్వారింశత్ పేరిట ఉన్నాయి. మీరు తిరువణ్ణామలై వెళ్లినప్పుడు ఉదయంపూట రమణాశ్రమంలో మహర్షి సమాధి ముందు కాసేపు కూర్చోండి. అక్కడ పారాయణలో వినవచ్చే ఆ శ్లోకాలు ఆయనవే.